కెర్నల్‌లో ప్యాకెట్ ప్రసారం: బఫర్ మెమరీ నిర్వహణ, పూర్తి సూచనల లెక్క

పరిచయం

సాకెట్ అంటే ఏమిటో, అప్లికేషన్ దాని ద్వారా డేటాను ఎలా పంపుతుందో గత యూనిట్‌లో చదివారు. అక్కడ ఒక విషయాన్ని పైపైన దాటేశాం. మీ ప్రోగ్రాం సెండ్ అనే సిస్టమ్ కాల్ చేసింది, అది 1000 అనే సంఖ్యను తిరిగి ఇచ్చింది అనుకోండి. దీని అర్థం ఏమిటి అని అడిగితే, 1000 బైట్లు అవతలి కంప్యూటర్‌కు చేరాయి అని కొందరు రాస్తారు. కనీసం తీగ మీదకు వెళ్ళాయి అని ఇంకొందరు రాస్తారు. రెండూ తప్పే. ఆ 1000 బైట్ల బాధ్యతను కెర్నల్ స్వీకరించింది, అంతే. మీ బఫర్‌లోని డేటాను కెర్నల్ తన బఫర్‌లోకి కాపీ చేసుకుంది కాబట్టి మీరు మీ బఫర్‌ను తిరిగి వాడుకోవచ్చు. కెర్నల్ తన బఫర్‌ను ఎప్పుడు తిరిగి వాడుకోవచ్చు అన్నది వేరే ప్రశ్న. ఈ యూనిట్ మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణలన్నీ లినక్స్ కెర్నల్ నుంచి తీసుకున్నవి. దాని సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి ఇక్కడ చదివినదాన్ని మీరే సరిచూసుకోవచ్చు.

గోనెసంచుల పుస్తకం

మండపేట చుట్టుపక్కల ఉండే విద్యార్థులకు రైస్ మిల్లు కొత్త కాదు. ఒక మిల్లులో 500 గోనెసంచులు ఉన్నాయనుకుందాం. బియ్యం నింపి, కుట్టి, కాటా వేసి లారీకి ఎక్కిస్తారు. లారీ కాకినాడ వెళ్ళి సరుకు దించుతుంది, ఖాళీ సంచులు వెనక్కి వస్తాయి. ఏ లారీతో ఎన్ని సంచులు వెళ్ళాయో, ఎన్ని తిరిగి వచ్చాయో గుమస్తా పుస్తకంలో రాస్తాడు. సంచులు తిరిగి రాకపోతే మిల్లులో బియ్యం ఎంత ఉన్నా బయటికి కదలదు. సంచుల కొరతతో ధాన్యం కల్లంలోనే ఆగిపోవడం మన జిల్లాల్లో ప్రతి రైతుకూ తెలిసిన కష్టమే.

కెర్నల్ పరిస్థితి కూడా ఇదే. బఫర్ అంటే సంచి, నెట్‌వర్క్ కార్డు అంటే లారీ, పూర్తి సూచన అంటే ఖాళీ సంచి వచ్చిందని పుస్తకంలో పడే పద్దు. అయితే ఈ పోలికను చివరిదాకా లాగకూడదు. సంచి నిజంగానే కాకినాడ వెళ్ళి వస్తుంది. కెర్నల్ బఫర్ మాత్రం మెమరీలో ఉన్నచోటే ఉంటుంది, దాన్ని ముట్టుకునే హక్కు మాత్రమే చేతులు మారుతుంది. కార్డు చదువుతున్నంతసేపు ఆ బఫర్ కార్డుది. చదవడం అయిపోయిందని కార్డు చెప్పాకే అది మళ్ళీ కెర్నల్‌ది అవుతుంది.

ఎస్‌కేబీ: సంచి, దానికి కట్టిన చీటీ

లినక్స్‌లో ప్రతి ప్యాకెట్‌కూ ఎస్‌కే బఫ్ అనే స్ట్రక్చర్ ఉంటుంది. వాడుకలో దీన్ని ఎస్‌కేబీ అంటారు. ఇందులో రెండు భాగాలు ఉన్నాయని గుర్తుంచుకోండి. మొదటిది స్ట్రక్చర్. ఇది రెండు వందల బైట్లకు పైగా ఉండే చీటీ లాంటిది. ప్యాకెట్ ఏ సాకెట్‌ది, ఏ పరికరం గుండా వెళ్ళాలి, డేటా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్న వివరాలు ఇందులో ఉంటాయి. రెండవది అసలు డేటా ఉండే మెమరీ. హెడ్, డేటా, టెయిల్, ఎండ్ అనే నాలుగు పాయింటర్లు ఈ మెమరీలోని హద్దులను చూపిస్తాయి. డేటాకు ముందు కొంత ఖాళీ వదిలిపెడతారు. టీసీపీ, ఐపీ, ఈథర్నెట్ పొరలు తమ శీర్షికలను ఆ ఖాళీలో ఒకదాని ముందు ఒకటి రాసుకుంటూ పోతాయి. అందువల్ల పొర మారినప్పుడల్లా డేటాను కాపీ చేయనవసరం లేదు.

స్ట్రక్చర్‌నూ డేటానూ విడదీయడం వల్ల ఇంకో ప్రయోజనం ఉంది. ఒకే డేటాకు రెండు చీటీలు కట్టవచ్చు. దీన్ని క్లోన్ అంటారు. డేటా మెమరీని ఎందరు పట్టుకుని ఉన్నారో చెప్పే లెక్క ఆ మెమరీ చివర ఉండే ఉమ్మడి సమాచార భాగంలో ఉంటుంది. ఆ లెక్క సున్నా అయితే తప్ప డేటా విడుదల కాదు. టీసీపీ దీన్ని ఎలా వాడుకుంటుందో ముందుముందు చూస్తారు.

సాకెట్ ఖాతా

ఒక ప్రోగ్రాం ఆగకుండా పంపుతూ పోతే కెర్నల్ మెమరీ అంతా దానికే సరిపోతుంది. అందుకే ప్రతి సాకెట్‌కూ ఒక ఖాతా ఉంటుంది. ఎస్‌కేబీ తయారైనప్పుడు దాని పరిమాణం ఖాతాలో కలుస్తుంది. ఎస్‌కేబీ విడుదల అయినప్పుడు దానికి ముందే తగిలించి ఉంచిన డిస్ట్రక్టర్ అనే ఫంక్షన్ నడిచి, ఆ పరిమాణాన్ని ఖాతా నుంచి తీసివేస్తుంది. చోటు కోసం నిద్రలో ఎదురుచూస్తున్న ప్రోగ్రాంను లేపే పని కూడా దానిదే.

ఇక్కడ కలిపే పరిమాణం మీరు పంపిన బైట్ల సంఖ్య కాదు. స్ట్రక్చర్, శీర్షికల ఖాళీ, కేటాయింపులో మిగిలిపోయిన చోటు అన్నీ కలిపిన మొత్తం మెమరీని లెక్కిస్తారు. దీనికి ట్రూసైజ్ అని పేరు. ఒక లెక్క చేద్దాం. చాలా లినక్స్ యంత్రాల్లో సాకెట్ ప్రసార బఫర్ సహజ పరిమితి 2,12,992 బైట్లు. మీ ప్రోగ్రాం యూడీపీ ద్వారా 100 బైట్ల చొప్పున చిన్న ప్యాకెట్లు పంపుతోంది. ఒక్కో ప్యాకెట్ ట్రూసైజ్ 768 బైట్లు అనుకోండి. అప్పుడు ఖాతాలో సుమారు 277 ప్యాకెట్లు పడతాయి, అంటే మీ అసలు డేటా 27,700 బైట్లే. రెండు లక్షల బైట్ల పరిమితి ఉండగా ముప్పై వేలు కూడా దాటకముందే ప్రోగ్రాం ఆగిపోయిందేమిటని కంగారుపడే వారికి జవాబు ఇదే. ఈ అదనపు ఖర్చును దృష్టిలో ఉంచుకునే, మీరు ఆప్షన్ ద్వారా 1,00,000 బైట్ల బఫర్ కావాలని అడిగితే కెర్నల్ దాన్ని రెట్టింపు చేసి పెట్టుకుంటుంది. తిరిగి చదివితే 2,00,000 అని చూపిస్తుంది. అది బగ్ కాదు.

ఖాతా నిండినప్పుడు మామూలు సాకెట్ అయితే సెండ్ కాల్ నిద్రపోతుంది. నాన్‌బ్లాకింగ్ సాకెట్ అయితే మళ్ళీ ప్రయత్నించమనే దోష సంకేతంతో వెంటనే తిరిగి వస్తుంది. ఇలా వెనక ఉన్న రద్దీ ముందున్న ప్రోగ్రాం వరకు తెలుస్తుంది. కాలువ మీద లాకు మూస్తే ఎగువన పడవలు ఆగినట్టు.

ఈ ఖాతా లెక్క సున్నా నుంచి కాక ఒకటి నుంచి మొదలవుతుంది. సాకెట్ బతికి ఉన్నంతకాలం ఆ ఒకటి దాని కోసం ఉంటుంది. ప్రోగ్రాం సాకెట్‌ను మూసేసినా, దాని ప్యాకెట్లు ఇంకా కార్డు దగ్గర ఉంటే లెక్క సున్నా కాదు, సాకెట్ స్ట్రక్చర్ కూడా విడుదల కాదు. చివరి ప్యాకెట్ డిస్ట్రక్టర్ నడిచేసరికి అది వెతికే సాకెట్ ఉండి తీరాలి కదా.

డ్రైవర్, రింగ్, డీఎంఏ

ప్యాకెట్ ఐపీ పొర దాటి, క్యూ నిర్వహణ పొర దాటి డ్రైవర్ చేతికి వస్తుంది. డ్రైవర్‌కూ కార్డుకూ మధ్య ఒక రింగ్ ఉంటుంది. ఇది చివర, మొదలు కలిసిన వరుస. సాధారణంగా 256 లేదా 512 గళ్ళు ఉంటాయి. ఒక్కో గడిని డిస్క్రిప్టర్ అంటారు. డ్రైవర్ మొదట ఎస్‌కేబీలోని డేటా చిరునామాను కార్డుకు అర్థమయ్యే చిరునామాగా మార్పించుకుంటుంది. దీన్ని డీఎంఏ మ్యాపింగ్ అంటారు. ఆ చిరునామాను, పొడవును గడిలో రాస్తుంది. ఏ గడికి ఏ ఎస్‌కేబీ అన్నది తన సొంత పట్టికలో విడిగా రాసుకుంటుంది. తర్వాత కార్డులోని ఒక రిజిస్టర్‌లో కొత్త చివరి స్థానం రాస్తుంది. ఇది తలుపు గంట కొట్టడం లాంటిది. అక్కడి నుంచి ప్రాసెసర్ జోక్యం లేకుండా కార్డే మెమరీ నుంచి డేటాను చదువుకుంటుంది.

గంట కొట్టాక డ్రైవర్ ఫంక్షన్ ముగుస్తుంది కానీ ఎస్‌కేబీ బతికే ఉంటుంది. దాన్ని ఇప్పుడు విడుదల చేయకూడదు, మార్చకూడదు. రింగ్‌లో ఇంకో ప్యాకెట్‌కు చోటు లేదనిపిస్తే డ్రైవర్ పైపొరకు క్యూ ఆపమని చెబుతుంది. చోటు లేదని తెలిశాక ఆపడం కాదు, లేకుండా పోతుందని తెలిసిన వెంటనే ఆపాలి. ఆపకుండా ఉండి, ప్యాకెట్ వచ్చాక చోటు లేదంటూ వెనక్కి పంపే డ్రైవర్‌ను బాగా రాసిన డ్రైవర్ అనలేం.

పూర్తి సూచన వచ్చినప్పుడు

కార్డు ఒక గడిలోని పని ముగించాక ఆ సంగతిని మెమరీలో నమోదు చేస్తుంది. ఇంటెల్ కార్డులలో డిస్క్రిప్టర్‌లోనే పని అయినట్టు చెప్పే ఒక బిట్ ఉంటుంది. కొన్ని కార్డులు విడిగా ఒక పూర్తి సూచనల క్యూలో రాస్తాయి. తర్వాత ఇంటరప్ట్ ఇస్తుంది. ప్రతి ప్యాకెట్‌కూ ఒక ఇంటరప్ట్ ఇస్తే ప్రాసెసర్‌కు వేరే పని చేసే తీరిక ఉండదు కాబట్టి కార్డులు కొన్నింటిని కూడగట్టి ఒకేసారి చెబుతాయి.

ఇంటరప్ట్ వచ్చాక న్యాపీ అనే పద్ధతిలో డ్రైవర్ శుభ్రపరిచే ఫంక్షన్ నడుస్తుంది. తాను చివరిసారి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి గళ్ళను వరుసగా చూస్తుంది. పని అయిన ప్రతి గడికీ డీఎంఏ మ్యాపింగ్ రద్దు చేస్తుంది, తన పట్టికలోని ఎస్‌కేబీని విడుదల చేస్తుంది, గడిని ఖాళీగా గుర్తిస్తుంది. పని కాని గడి తగలగానే ఆగిపోతుంది. తగినంత చోటు ఏర్పడితే ఆపిన క్యూను మళ్ళీ తెరుస్తుంది.

విడుదల చేయడానికి రెండు రకాల ఫంక్షన్లు ఉన్నాయి, విద్యార్థులు వీటిని తరచు కలిపేస్తారు. సవ్యంగా పంపిన ప్యాకెట్‌కు కన్స్యూమ్ రకం, మధ్యలో పారేసిన ప్యాకెట్‌కు కేఫ్రీ రకం వాడాలి. మెమరీ విషయంలో రెండూ చేసేది ఒకటే. కానీ ప్యాకెట్లు ఎక్కడ పోతున్నాయో కనిపెట్టే పరికరాలు రెండవ రకాన్ని మాత్రమే నష్టంగా లెక్కిస్తాయి. తప్పు ఫంక్షన్ పిలిచిన డ్రైవర్ వల్ల, అంతా బాగా నడుస్తున్న యంత్రంలో లక్షల ప్యాకెట్లు పోతున్నట్టు కనిపిస్తుంది. హార్డ్ ఇంటరప్ట్ నడుస్తుండగా విడుదల చేయవలసి వస్తే మూడో దారి ఉంది. ఎస్‌కేబీని ఆ ప్రాసెసర్‌కు చెందిన పూర్తి క్యూలో పెట్టి, సాఫ్ట్ ఇంటరప్ట్‌ను పురమాయిస్తారు. అసలు విడుదల కాసేపటికి అక్కడ జరుగుతుంది.

ఏది పూర్తి అయినట్టు?

కార్డు ఇచ్చే పూర్తి సూచనకు ఒకటే అర్థం: ఈ మెమరీతో నాకు ఇక పని లేదు. ప్యాకెట్ అవతలికి చేరిందని కాదు. దారిలో అది పోవచ్చు. యూడీపీకి దీనితో ఇబ్బంది లేదు. పూర్తి సూచన వచ్చి ఎస్‌కేబీ విడుదల కాగానే సాకెట్ ఖాతా తగ్గుతుంది, కథ ముగుస్తుంది.

టీసీపీ పరిస్థితి వేరు. పోయిన ప్యాకెట్‌ను మళ్ళీ పంపవలసింది అదే. అందుకని అసలు ఎస్‌కేబీని తన దగ్గరే ఉంచుకుని, దాని క్లోన్‌ను కిందికి పంపుతుంది. పూర్తి సూచనతో క్లోన్ విడుదల అవుతుంది. అవతలి యంత్రం నుంచి అందినట్టు ఏసీకే వచ్చాక అసలుది విడుదల అవుతుంది. కాబట్టి టీసీపీ సాకెట్‌కు రెండు లెక్కలు ఉంటాయి. కింది పొరల దగ్గర ఉన్నది ఎంత అన్నది ఒకటి, ఏసీకే రాక వరుసలో నిలిచి ఉన్నది ఎంత అన్నది రెండోది. ప్రోగ్రాంను ఆపాలా వద్దా అని టీసీపీ నిర్ణయించేది రెండో లెక్క చూసి.

సూచన రాకపోతే, తొందరపడితే

సూచన రాకపోతే ఎస్‌కేబీలు విడుదల కావు, రింగ్ నిండుతుంది, క్యూ ఆగిపోతుంది, ఇక తెరిచేవారుండరు. దీన్ని కనిపెట్టడానికి కెర్నల్‌లో కాపలా టైమర్ ఉంది. ఆగిన క్యూ డ్రైవర్ నిర్ణయించిన వ్యవధి దాటినా కదలకపోతే, ప్రసార క్యూ గడువు దాటిందని నెట్‌డెవ్ వాచ్‌డాగ్ పేరుతో లాగ్‌లో సందేశం వస్తుంది. డ్రైవర్ వ్యవధి చెప్పకపోతే అది 5 సెకన్లు. అప్పుడు డ్రైవర్ సాధారణంగా కార్డును రీసెట్ చేస్తుంది. ఆ సందేశం చూడగానే తీగ తప్పు అనుకోకండి. కార్డు పని ముగించినట్టు కెర్నల్‌కు తెలియలేదు అని మాత్రమే అది చెబుతోంది.

తొందరపడి ముందే విడుదల చేయడం ఇంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే ఏ సందేశమూ రాదు. విడుదలైన మెమరీని కెర్నల్ వేరొకరికి ఇస్తుంది. వారు అందులో పాస్‌వర్డ్ రాసుకోవచ్చు. కార్డు ఇంకా పాత చిరునామా నుంచి చదువుతూ ఆ పాస్‌వర్డ్‌ను నెట్‌వర్క్ మీదకు పంపవచ్చు. పాత సంచిని సరిగా దులపకపోతే ఏమవుతుందో చూపే దగ్గరి ఉదాహరణ 2003 జనవరిలో బయటపడింది. ఈథర్నెట్ ఫ్రేమ్ చివరి తనిఖీ భాగం కాక కనీసం 60 బైట్లు ఉండాలి. చిన్న ప్యాకెట్‌ను 60కి పెంచేటప్పుడు మిగిలిన చోటును సున్నాలతో నింపాలి. అనేక డ్రైవర్లు ఆ పని చేయకుండా పొడవు మాత్రం పెంచి పంపేవి. దాంతో బఫర్‌లో మిగిలిపోయిన పాత డేటా తునకలు బయటికి వెళ్ళేవి. ఈథర్‌లీక్ అని పేరు పడిన ఈ లోపానికి కారణం ఒక్క కంపెనీ కాదు. ఎన్నో వ్యవస్థల డ్రైవర్లలో అదే నిర్లక్ష్యం కనబడింది.

ఈ రెండింటి మధ్య ఒక రాజీ మార్గం ఉంది. వర్చువల్ యంత్రాల్లో వాడే వర్టియో నెట్‌వర్క్ డ్రైవర్ ప్రసారానికి న్యాపీ వాడని పద్ధతిలో నడిచినప్పుడు, పూర్తి సూచనలు సమయానికి రావని దానికి తెలుసు. అందుకని ప్యాకెట్‌ను రింగ్‌లో పెట్టేటప్పుడే ఎస్‌కేబీకీ సాకెట్‌కూ ఉన్న సంబంధాన్ని తెంచేస్తుంది. దీన్ని అనాథను చేయడం అంటారు. మెమరీ విడుదల కాదు, అది భద్రంగానే ఉంటుంది. సాకెట్ ఖాతా మాత్రం అప్పుడే తగ్గిపోతుంది. ప్రోగ్రాం ఆగదు, కానీ దాన్ని అదుపు చేసే పగ్గం కూడా పోతుంది. గుమస్తా సంచులు రాకముందే వచ్చినట్టు రాయడం లాంటిదే ఇది. అవసరం కొద్దీ చేసిన పని అని ఒప్పుకోవాలి గాని, మంచి పద్ధతి అనలేం.

ఎన్ని సంచులు గేటు దగ్గర పెట్టాలి?

రింగ్‌లో 256 గళ్ళు, ఒక్కోదానిలో 1500 బైట్ల ప్యాకెట్ ఉంటే మొత్తం 3,84,000 బైట్లు, అంటే 30,72,000 బిట్లు. సెకనుకు ఒక గిగాబిట్ లింకు మీద ఇది 3 మిల్లీసెకన్ల పని. అదే 10 మెగాబిట్ల లింకు మీద 307 మిల్లీసెకన్లు. మీరు పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేస్తూ పక్కన వీడియో తరగతి వింటుంటే, మీ గొంతు మోసే చిన్న ప్యాకెట్ ఆ వరుస వెనక మూడో వంతు సెకను నిలబడాలి. రింగ్‌లోకి వెళ్ళినదాన్ని క్యూ నిర్వహణ పొర మళ్ళీ ముందుకూ వెనక్కూ జరపలేదు.

2012లో వచ్చిన లినక్స్ 3.3లో బైట్ క్యూ లిమిట్స్ దీనికి పరిష్కారంగా చేరింది. దీన్ని రూపొందించినది టామ్ హెర్బర్ట్. డ్రైవర్ పంపినప్పుడు ఎన్ని బైట్లు ఇచ్చిందో, పూర్తి సూచనతో ఎన్ని బైట్లు తిరిగి వచ్చాయో చెబుతుంది. కార్డు ఖాళీగా కూర్చోకుండా ఉండటానికి కనీసం ఎన్ని బైట్లు చాలో ఈ రెండు లెక్కల నుంచి కెర్నల్ తానే నేర్చుకుని పరిమితిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మెమరీ విడుదల కోసం పుట్టిన పూర్తి సూచన ఇక్కడ వేగాన్ని కొలిచే గడియారం అయింది. అదే ఏడాది లినక్స్ 3.6లో ఎరిక్ డ్యుమాజెట్ చేర్చిన టీసీపీ స్మాల్ క్యూస్ కూడా ఇదే దారిలో, ఒక్కో టీసీపీ సాకెట్ కింది పొరల్లో ఎంత పోగు వేయవచ్చో హద్దు పెడుతుంది. క్లోన్ విడుదలైనప్పుడు నడిచే డిస్ట్రక్టర్ తర్వాతి ప్యాకెట్లను కదిలిస్తుంది.

ఒక హెచ్చరిక: మీ ఇంట్లో నెమ్మదైన లింకు కంప్యూటర్‌కూ రౌటర్‌కూ మధ్య కాక, రౌటర్ అవతల ఉంటే ఈ రెండూ మీ కంప్యూటర్‌లో ఉన్నా పెద్దగా తోడ్పడవు. వరుస పెరిగేది రౌటర్‌లో.

కాపీ లేకుండా పంపడం

మొదట్లో చెప్పిన కాపీని కూడా తప్పించవచ్చు. 2017లో వచ్చిన లినక్స్ 4.14లో టీసీపీకి జీరోకాపీ ఫ్లాగ్ చేర్చారు. యూడీపీకి ఇది 2019లో 5.0తో వచ్చింది. ఇందులో కెర్నల్ మీ ప్రోగ్రాం పేజీలనే కదలకుండా పట్టి, వాటిని ఎస్‌కేబీకి జత చేస్తుంది. ఇప్పుడు సెండ్ తిరిగి వచ్చినా మీ బఫర్ మీది కాదు. ఎప్పుడు మీదవుతుందో తెలుసుకోవడానికి ప్రతి జీరోకాపీ కాల్‌కూ 0 నుంచి మొదలయ్యే వరుస సంఖ్య ఉంటుంది. సాకెట్ ఎర్రర్ క్యూ నుంచి చదివితే 0 నుంచి 4 వరకు పూర్తి అయ్యాయి అన్నట్టు సూచనలు వస్తాయి. కెర్నల్ చివరికి కాపీయే చేయవలసి వస్తే ఆ సంగతి కూడా అదే సూచనలో చెబుతుంది. సూచన కోసం ఆగకుండా బఫర్‌లో కొత్త డేటా రాస్తే కెర్నల్ అడ్డుకోదు. చెక్‌సమ్‌ను కార్డే లెక్కిస్తున్నప్పుడు మారిపోయిన డేటాకే సరైన చెక్‌సమ్ పడుతుంది, అవతలివారికి అనుమానం రాదు. పేజీలను పట్టి ఉంచడం, సూచనలు చదవడం కూడా ఖర్చే కాబట్టి దాదాపు 10 కిలోబైట్లకు మించిన రాతలకే ఇది లాభం అని కెర్నల్ పత్రాలు చెబుతున్నాయి. చిన్న సందేశాలకు పాత కాపీ పద్ధతే చవక.

ప్రయోగం

లినక్స్ కంప్యూటర్ నుంచి పెద్ద ఫైల్ అప్‌లోడ్ మొదలుపెట్టండి. ఇంకో టెర్మినల్‌లో ఎస్‌ఎస్ కమాండును టీ, ఎమ్ ఆప్షన్లతో నడిపి, మీ కనెక్షన్ పక్కన ఎస్‌కేమెమ్ అన్న వరుస చూడండి. అందులో టీ అన్న అక్షరం పక్కన కింది పొరల దగ్గర ఉన్న మెమరీ, టీబీ పక్కన బఫర్ పరిమితి, డబ్ల్యూ పక్కన ఏసీకే రాక నిలిచిన మెమరీ ఉంటాయి. ఇప్పుడు కంప్యూటర్ తీగ ముట్టుకోకుండా, రౌటర్‌కు బయటి నుంచి వచ్చే తీగను కొద్దిసేపు తీసి, కమాండును రెండు మూడు సార్లు నడపండి. టీ విలువ సున్నాకు పడిపోతుంది, డబ్ల్యూ విలువ తగ్గకుండా నిలిచిపోతుంది. కార్డు ఏం చెప్పింది, ఎవరు ఏం చెప్పలేదు అన్నది మీ అసైన్‌మెంట్‌లో పది వాక్యాలకు మించకుండా రాయండి. తీగ మళ్ళీ పెట్టడం మరిచిపోకండి.